కాలరు పట్టని మెడ

ఒక మనిషి నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసే హక్కు మనకెవరిచ్చారు? ఇన్నేళ్లొచ్చినా నాకు జవాబు దొరకలేదు. అలా చూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా బావమరిది మా ఇంట్లోనే ఉంటూ ఒక టైలరింగ్ షాపులో చొక్కాలు కుట్టేవాడు. కాలర్లకు పెట్టింది పేరు. నలభై దాటాక అతని మెడ చుట్టూ కొవ్వు పేరుకోసాగింది. ముందు చెవుల కింద రెండు ఉబ్బులు, తర్వాత వీపు మీద మూపురం, ఆఖరికి గడ్డం కింద వేలాడే మెత్తటి ముద్ద. కాళ్లూ చేతులూ మాత్రం పుల్లలే. మడతల్లో చెమట నిలిచి పుండ్లు పడి పుల్లటి కంపు కొట్టేది. అతను ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే నేను పుస్తకం అడ్డం పెట్టుకునేవాణ్ణి.

తల వంచితే ఆ ముద్ద అడ్డొచ్చి సూది కనపడేది కాదు. మిషను కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకున్నాడు. మోకాళ్లు పొట్టకు తగులుతున్నా అలాగే తొక్కేవాడు.

ఇలాంటి మెడ బాగా తాగేవాళ్లకే వస్తుందని యజమాని చెవిలో ఎవరో ఊదారు. అంతే. రోజూ పొద్దున్నే, అందరి ముందూ, "ఏదీ, ఒకసారి ఊదు," అనేవాడు.

"ఊదుతా, మీ బొత్తాలు ఎగిరిపోతే నన్ననకండి," అనేవాడు ఇతను.

అందరూ నవ్వేవారు. వాసన రాలేదని యజమాని ముఖంలో కనిపించే నిరాశ ఉందే, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంట్లో మా ఆవిడ కూడా తక్కువేం కాదు, సీసా దొరుకుతుందేమోనని సొంత తమ్ముడి పెట్టె అడుగుదాకా వెతికేది. ఒక మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే నేనూ వంగాను.

కళ్లు తెరిచాడు. "దొరికిందా బావా?"

ఊపిరి కూడా ఆడక, ఆఖరికి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ కూడా మొదట అదే అడిగింది. లేదంటే నమ్మలేదు. కండ ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"పొరబడ్డాను. మీది తాగుడు వల్ల వచ్చింది కాదు. కణాలకు శక్తినిచ్చే చోటే లోపం ఉంది, తల్లి వైపు నుంచి వచ్చింది. మందుల్లేవు, కోసి తీయాలి. మళ్లీ పెరగొచ్చు కూడా."

మామూలు కొవ్వుగడ్డ పలచటి తిత్తిలో ఉంటుందట, ఒలిచినట్టు వచ్చేస్తుందట. ఇది కండల మధ్యకు దూరి, నరాల చుట్టూ అల్లుకుపోయింది. ఒక్కో నరాన్నీ తప్పించుకుంటూ, ముందొకసారి, వెనకొకసారి కోశారు. తీసింది పళ్లెంలో చూపించారు. పసుపుపచ్చగా, నెత్తుటి చారలతో, కదిపితే వణుకుతూ. నేను ముఖం తిప్పుకున్నాను.

మెడ బయటపడింది. మూడో నెలలో ఇటుకలు తీసేసి మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. ఆ రోజు నేనూ తోడు వెళ్లాను. యజమాని అతని భుజం చరిచి, వచ్చినవాళ్లందరికీ వినపడేలా అన్నాడు: "చూశారా, మందు మానేశాడు, మెడొచ్చింది! మగాడంటే ఇలా ఉండాలి!"

చప్పట్లు కొట్టారు కూడా.

బావమరిది మిషను ఆపాడు. "బావా, డాక్టరమ్మ చెప్పింది నువ్వు విన్నావుగా. చెప్పు."

అందరూ నా వైపు చూశారు. గొడవెందుకనిపించింది.

"ఏదైతేనేం లే, తగ్గింది కదా," అన్నాను.

అతను నన్ను చూశాడు, ఆ పళ్లేన్ని నేను చూసినట్టు. సొరుగులోంచి తన కత్తెరా టేపూ తీసుకున్నాడు. సగం కుట్టిన కాలరు సూది కిందే ఉంది. నన్ను దాటుకుని మెట్లు దిగిపోయాడు. వెళ్లొస్తానని అనలేదు.