కారులో పెట్రోలు వాసన

నాకు భయం ఎక్కువని మా ఇంట్లో పేరు. గ్యాసు పొయ్యి ఆపానో లేదో చూసుకోవడానికి చర్చి మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చిన మనిషిని. అందుకే మా పాత కారులో పెట్రోలు వాసన వస్తోందని మొదటిసారి అన్నప్పుడు మా ఆయన నవ్వేశాడు.

"నాకేం వస్తలేదు. నీకు అన్నీ వాసనలే," అన్నాడు.

మేముండేది కొత్తగూడెంలో, బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో. నేను పాఠాలు చెప్పే బడి భద్రాచలం వైపు, అడవి లోపల. గనిలో మధ్యాహ్నం దిగే రెండో షిఫ్టు ఉన్న వారాల్లో ఆయన పొద్దున నన్ను బడి దగ్గర దింపి వస్తాడు. టేకు చెట్ల మధ్య ఆ దారిలో బంకు లేదు, చాలాచోట్ల ఫోనుకు సిగ్నలూ లేదు. కారు తగలబడితే మమ్మల్ని చూసేవి కోతులే. అద్దాలు దించుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, తలుపు గడియ మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన హాయిగా పాటలు పెట్టుకునేవాడు.

వాసన ఎప్పుడెప్పుడు వస్తోందో గమనించడం మొదలుపెట్టాను. ట్యాంకు నింపించిన మర్నాడు కారు షెడ్డు తలుపు తీయగానే గుప్పుమనేది. సగానికి వచ్చాక తగ్గేది. ఎండలో నిలబెడితే మళ్లీ మొదలు. కింద చూస్తే చుక్క పెట్రోలు కనబడదు. ఇదంతా చెబితే మెకానిక్ ట్యాంకు మూత మార్చి, ఇక ఏం కాదు మేడం అన్నాడు. వారం తిరక్కుండానే మళ్లీ అదే వాసన. ఈసారి కళ్లు తిరిగి బడి గేటు దగ్గరే వాంతి చేసుకున్నాను. మర్నాడు సెలవు పెట్టి, ఆయన్నీ కారునీ మెకానిక్ దగ్గరికి లాక్కెళ్లాను.

ఈసారి అతను శ్రద్ధగా చూశాడు. ట్యాంకు నుంచి ముందుకు వచ్చే సన్నటి రబ్బరు పైపు ఒక కొస మూసి, రెండో కొస నుంచి చేతి పంపుతో మెల్లగా గాలి పంపాడు. పైపు పొడవునా సబ్బు నురగ పూశాడు. వెనక సీటు కింద పైపు వంగే చోట బుడగలు లేచాయి. వేలితో వంచితే పగుళ్లు కనబడ్డాయి. ఆ పైపు ట్యాంకులోని ఆవిరిని ఇంజను పక్కనున్న నల్ల డబ్బాలోకి తీసుకుపోతుందట.

"దీంట్ల బొగ్గుంటది సార్. ఆవిరిని పట్టి ఉంచుతది. మీరు పెట్రోలు గొంతు దాక కొట్టిస్తరా?"

కొట్టిస్తాడు. ట్యాంకు నిండాక కూడా కారును వెనక నుంచి ఊపి ఊపి ఇంకాస్త పోయిస్తాడు. అడవి దారి పట్టేవాళ్లు మా వైపు చాలామంది చేసే పనే అది.

"గట్ల పోస్తే పెట్రోలే ఈ డబ్బలకు వస్తది. బొగ్గంత తడిసింది."

"బొగ్గు నన్ను యాడికి పోయినా ఇడిసిపెట్టదు," అని మా ఆయన నవ్వాడు.

మెకానిక్ డబ్బా ఊడదీసి పళ్లెంలోకి వంచాడు. పెట్రోలు ధారగా పడింది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. పక్క షాపులో వెల్డింగు నిప్పులు రాలుతుంటే నేను అరిచి ఆపించి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన పళ్లెం మీదికి వంగి, డబ్బా మూతిలోకి తొంగి చూస్తున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మంచినీళ్ల బిందెలోకి చూసినట్టు చూస్తున్నాడు.

అంత ఘాటు కూడా ఆయన ముక్కుకు తగలడం లేదు.

కరోనా వచ్చినప్పుడు మా ఇద్దరికీ వాసన పోయింది. కొన్నాళ్లకు నాకు వచ్చింది. తనకూ వచ్చిందన్నాడు. తర్వాత పాలు మాడుతున్నా పక్క గదిలోంచి లేవకపోతే బద్ధకం అనుకున్నాను. చెడిపోయిన చేపలను బాగానే ఉన్నాయి కదా అంటే పిసినారి అని తిట్టాను.

ఆయన భూగర్భ గనిలో సర్దార్. అందరూ దిగకముందే లోపలికి వెళ్లి, పని చేసే చోటు క్షేమంగా ఉందో లేదో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. గ్యాసు చూసే మీటరు చేతిలో ఉంటుంది. కానీ గోడలు కట్టి మూసేసిన పాత సొరంగాల్లో బొగ్గు తనంతట తను వేడెక్కి అంటుకునే ముందు ఒక వాసన వస్తుందని పెళ్లైన కొత్తలో ఆయనే చెప్పాడు.

"కిరసనాయిలో పెట్రోలో అన్నట్టుంటది. గా వాసన తెలిస్తే జల్దీ అందరిని బయటికి పంపాలె. మీటరు కంటే ముందు ముక్కే చెప్తది," అని గర్వంగా ముక్కు మీద వేలు వేసుకున్నాడు.

కొత్త పైపు, కొత్త డబ్బా బిగించారు. బయల్దేరాక కొంతదూరం వచ్చి ఆయన నా మొహంలోకి చూశాడు.

"పోయిందా వాసన?"

ఇన్నాళ్లూ నా మొహం చూసే తెలుసుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది.

"నీకు తెలుస్తలేదు గదా?" అన్నాను.

కారు పక్కకు ఆపాడు. "ఎవ్వరికి చెప్పకు. అన్‌ఫిట్ అని గని దిగనియ్యకుండ పైన కూర్చోబెడతరు. మీటరున్నది గదా."

"ఈడంటే నా మొఖం చూస్తున్నవ్. కింద ఎవరి మొఖం చూస్తవ్?"

సర్దార్ ముందుగా ఒక్కడే వెళ్తాడు. ఆ రోజూ రెండో షిఫ్టే. ఆయన వెనక గనిలోకి దిగాల్సినవాళ్లు ఇళ్లలో అన్నాలు తింటూ ఉంటారు. వాళ్ల భార్యలంతా నాకు తెలిసినవాళ్లే.

"షిఫ్టుకు ముందే మేనేజరుకు నువ్వు చెప్తవా, నన్ను వచ్చి చెప్పమంటవా?"

"పైన కూర్చొని ఏం జేస్తనే? లాంప్ రూం కాడ దిగేటోళ్లకు లైట్లు పంచాల్నా?"

"పంచు. నాకు నువ్వు పైన్నే ఉండాలె."

కారులో అప్పుడు ఏ వాసనా లేదు. అయినా ఆయన కారును గని ఆఫీసు వైపు తిప్పేదాకా తలుపు గడియ మీది నుంచి నా చెయ్యి తీయలేదు.