ఎక్స్‌ని వదిలేయొచ్చని చెప్పాను

మా ఆయనకు ఢిల్లీ బదిలీ అయినప్పుడు విజయనగరంలో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం వదులుకుని అక్కడి ద్వారకకు వచ్చాను. రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక కరోల్ బాగ్‌లో ఒక ఇంజనీరింగ్ కోచింగ్ సెంటర్లో చేరాను. క్లాసు ఇవ్వలేదు. నా హిందీలో మద్రాసు యాస ఉందన్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక మద్రాసు చూడనేలేదు. మెట్ల పక్కన ఒక బల్ల వేసి, పిల్లలకు కెమిస్ట్రీ డౌట్లు తీర్చమన్నారు.

ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. పదకొండో తరగతి. తల్లిదండ్రులది కాకినాడ వైపు. నేను తెలుగులో అడిగితే హిందీలో చెప్పేది. లెక్క చేస్తే ఒక్క మెట్టు దాటవేయదు. జవాబు వచ్చాక దాన్ని మళ్లీ సమీకరణంలో పెట్టి సరిచూసుకునేది. ఆ అలవాటు నేను మా కాలేజీలో ఎంత మొత్తుకున్నా ఎవరికీ అబ్బలేదు.

సమతాస్థితి పాఠం అయ్యాక పరీక్ష పెట్టారు. ఆ మార్కులతోనే పై బ్యాచ్‌కి పిల్లల్ని ఎంచుతారు. ఒకే ఒక్క ప్రశ్నతో ఆ అమ్మాయి పేరు జారిపోయింది. కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"మేడమ్, యే దేఖియే నా. నాదెక్కడ తప్పు?"

లీటరు పాత్రలో ఒక మోల్ నైట్రోజన్ టెట్రాక్సైడ్. అందులో కొంత విడిపోయి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. సమతాస్థితి స్థిరాంకం 0.36. ఎంత విడిపోయింది? విడిపోయినదాన్ని ఎక్స్ అనుకుంటే, మిగిలింది ఒకటి మైనస్ ఎక్స్. ఎక్స్ మరీ చిన్నదైతే ఆ మైనస్ ఎక్స్‌ని వదిలేయొచ్చు, లెక్క తేలికవుతుంది. కీ రాసినాయన అలాగే వదిలేసి 0.30 అన్నాడు. ఈ పిల్ల వదలకుండా వర్గ సమీకరణం సాధించి 0.26 రాసింది. నేను రెండిటినీ మళ్లీ సమీకరణంలో పెట్టి చూశాను. ఆమె జవాబుకు స్థిరాంకం దాదాపు 0.36 వచ్చింది. కీ జవాబుకు 0.51 వచ్చింది.

"నీదే కరెక్టమ్మా. నేను మాట్లాడతానుండు" అన్నాను. దాని ముఖం వెలిగిపోయింది.

కీ రాసింది మా కెమిస్ట్రీ హెడ్. ఆయన గదికి వెళ్లి లెక్క చూపించాను. రెండు నిమిషాలు చూశాడు. తన కీ తప్పని ఆయనకు అర్థమైంది, కళ్లలో కనబడింది.

"మేడమ్, లిస్టు గోడమీద పెట్టేశాం. ఒక్కరికి మారిస్తే అందరూ వస్తారు. ఎక్స్‌ని వదిలేయొచ్చని ఆ అమ్మాయికి చెప్పండి. మీ భాషలో చెప్తే వింటుంది" అన్నాడు.

మర్నాడు తల్లిని పిలిపించాడు. గదిలో ఆ అమ్మాయి, తల్లి, నేను. "మీ తెలుగు మేడమ్‌నే అడగండి" అని నా వైపు చెయ్యి చూపించి కుర్చీలో వెనక్కి వాలాడు.

కాంట్రాక్టు ఆ నెలతో అయిపోతుంది. మళ్లీ ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదనిపించింది. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

"ఇలాంటి లెక్కల్లో ఎక్స్‌ని వదిలేయొచ్చండీ. అమ్మాయి అనవసరంగా పెద్దది చేసుకుంది" అన్నాను.

అమ్మాయి నన్ను చూసింది. "లేకిన్ మేడమ్, కల్ తో ఆప్‌నే..." అని, నిన్న నేనన్న మాట ఎత్తబోయి ఆగిపోయింది.

"టీచర్లతో వాదించకూడదు తల్లీ" అంది తల్లి, నొచ్చుకుంటూ.

ఆ తర్వాత అమ్మాయి నా బల్ల దగ్గరికి రాలేదు. మెట్లు దిగేటప్పుడు అవతలి గోడవైపు చూస్తూ పోయేది. రెండు నెలలకు పూర్తిగా మానేసింది. మరుసటి ఏడాది మా సెంటర్ అచ్చువేసిన పుస్తకంలో అదే లెక్కకు 0.26 జవాబుగా ఉంది. 'ఇక్కడ ఎక్స్‌ని వదలరాదు' అని పక్కనే గడి కట్టి వేశారు. దాని కింద హెడ్ పేరు. నా కాంట్రాక్టు మాత్రం పొడిగించారు.

మొన్నామధ్య మెట్రోలో ఆ తల్లి కనిపించింది. నేను తలదించుకున్నా ఆవిడే గుర్తుపట్టి, జరిగి చోటిచ్చింది. అమ్మాయి కామర్స్ తీసుకుందట.

"కెమిస్ట్రీ నా తలకెక్కదమ్మా, నేను రైట్ అనుకున్నవన్నీ తప్పే అవుతున్నాయి అనేదండీ. ఆ రోజు మీరు మొహమాటపడకుండా చెప్పారు కాబట్టి ముందే తెలిసింది. లేకపోతే రెండేళ్లు పాడయ్యేవి. మీ మేలు మరచిపోము మేడమ్‌గారూ."

నిజం చెప్పడానికి నాకు నాలుగు స్టేషన్ల టైముంది. "ఇప్పుడు బాగా చదువుతోందా?" అని అడిగాను.

"ఏదోలెండి" అంది ఆవిడ. నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, దిగిపోయింది.