కాంటా కోడు, కాటేదాన్ స్వరూపగారు

2023 వానాకాలం. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన ఒక సరుకు రవాణా కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉన్నాను. పెట్టెను కాంటా మీద పెట్టగానే బరువు నేరుగా కంప్యూటర్లోకి వచ్చే ఏర్పాటు మాది. అందులో కాంటాతో మాట్లాడే కోడ్ ముక్క మాత్రం మేం రాసింది కాదు. కోడ్ పంచుకునే సైటు నుంచి తెచ్చుకున్న ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. మేం మొదటి సగమే గుర్తుపెట్టుకున్నాం.

ఒకరోజు దాని కొత్త వెర్షన్ ఎక్కించాం. ముప్పై కిలోల పెట్టె మూడు కిలోలు తూగడం మొదలుపెట్టింది. సైటులో ఇష్యూ, అంటే ఫిర్యాదు పెట్టాను: "అర్జెంట్. సాయంత్రంలోగా సరిచేయండి." అది చాలదన్నట్టు నిబంధనలు చూసే మా కంప్లయన్స్ విభాగం, సప్లయర్లకిచ్చే నలభై ప్రశ్నల ఫారం కూడా ఆ కోడ్ రాసినవాళ్ళకి పంపింది.

మర్నాడు జవాబొచ్చింది. భద్రతాధికారి ఎవరన్న చోట "మా వాకిట్ల కుక్క". అగ్నిప్రమాదం వస్తే ఏం చేస్తారంటే "ఉరుకుత". కింద ఒక వాక్యం: "శుక్రవారం ఈ ప్రాజెక్టు మూసేస్తున్న." చిరునామా మాకు దగ్గర్లోనే ఉన్న కాటేదాన్. ఆ కోడ్ రాసిన మనిషి ఏ జర్మనీలోనో ఉంటాడనుకున్న నాకు మతిపోయింది. వెంటనే బైకు తీశాను.

రేకుల షెడ్డు, చుట్టూ విప్పేసిన కాంటాలు. నలభై ఏళ్ళ స్వరూపగారు సోల్డరింగ్ చేస్తూ తలెత్తారు. కాంటాల రిపేరు ఆమె వృత్తి. ఆరేళ్ళుగా ఆ కోడ్‌ను ఒక్కరే చూసుకుంటున్నారట.

"మీరేనా అర్జెంటు సారు?"

"క్షమించండి. దయచేసి మూసేయకండి."

"గిన్ని కంపెనీలు వాడుతున్నయి. అందరు గదమాయిస్తరు, ఒక్కలన్న చెయ్యేసిండ్రా? మీ అసుంటి కాంటా నా దగ్గర లేనే లేదు. సూడకుండ ఎట్ల జెయ్యాలె?" అని ఆగి, అనుమానంగా చూశారు. "అవును, ముందటి వెర్షన్ల ఎట్ల నడిచింది? నా కోడ్‌ల మీ కాంటా ఎన్నడు లేదు గద."

అక్కడినుంచే ఆఫీసుకు ఫోన్ చేశాను. తీరా చూస్తే, ఆ తప్పును రెండేళ్ళ కిందటే మా కాపీలో మేమే దిద్దుకున్నాం. బయటికి పంపాలంటే లీగల్ వాళ్ళ అనుమతి కావాలని బద్ధకించాం. ప్రతి కొత్త వెర్షన్‌కూ దాన్ని అతికించుకుంటూ వచ్చి, ఈసారి మరిచిపోయాం. నీళ్ళు నములుతూ ఉన్నదంతా చెప్పేశాను.

"అంటే మందు జేబుల వెట్టుకొని నన్ను దవాఖానకు ఉరుకమన్నరా?" అని ఆమె పడీపడీ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోతూ నేనూ నవ్వాను.

రెండు రోజులు లీగల్ వాళ్ళ చుట్టూ తిరిగి అనుమతి సాధించాను. మా దిద్దుబాటు పదిహేడు లైన్లు పంపితే, స్వరూపగారు మూడుచోట్ల తప్పులు పట్టి వెనక్కి పంపారు. పన్నెండేళ్ళ అనుభవం నాది! నోరు మూసుకుని దిద్దాను.

శుక్రవారం చూస్తే ప్రాజెక్టు మూయలేదు. పైగా నిర్వాహకుల జాబితాలో ఆమె పేరు కింద నా పేరుంది. సంతోషమూ కంగారూ కలిసి ఫోన్ చేశాను.

"నన్ను ఒక్కమాట అడగాల్సింది కదండీ."

"మీరు నన్ను అడిగి వాడుకున్నరా సారూ?"

అడగనక్కర్లేదని ఆ కోడ్‌కు ఆమె పెట్టిన లైసెన్సే చెబుతుంది. అయినా నా పేరు తీసేయమనలేదు. పదిమందీ వాడుకునేదాన్ని పదిమందీ చూసుకోవాలని నాకు నేర్పింది ఆ ఒక్క ప్రశ్నే. గురువారం మధ్యాహ్నాలు ఇప్పుడు ఆ కోడ్‌వే.