వాసన గడిలో రాసిన మాట

ఆ రోజుల్లో నాకు కలల్లో మాత్రమే వాసనలు వచ్చేవి. ఒక జ్వరం నా ముక్కును పట్టుకుపోయి అప్పటికి ఏడాదిన్నర. జ్వరం వారంలో తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పగలంతా ప్రపంచం గాజు తలుపుకు అవతల ఉన్నట్టుండేది. తెల్లవారుజామున నిద్ర పలచబడే వేళ మాత్రం ఒక్కొక్కటే వచ్చి పలకరించేవి. సీఏ చదివేటప్పుడు లక్ష్మీ నగర్ హాస్టల్లో తీగల మీద ఆరని తువ్వాళ్లు, కింద జిరాక్సు షాపులో వేడి వేడి కాగితం, ఎవరి వంటింట్లోనో ఇంగువ తాలింపు. కళ్లు తెరిస్తే ఘాజియాబాద్‌లో, వైశాలి కాలనీలో మా నాలుగో అంతస్తు పడగ్గది, కిటికీకి అంటుకున్న పొగమంచు. ఇంకాసేపు కళ్లు మూసుకుంటే ఆ తాలింపు మళ్లీ దొరుకుతుందేమోనని పడుకునేదాన్ని. దొరికేది కాదు. ఏడుపొచ్చేది.

ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాలు మాడితే పక్క గదిలోంచే పసిగట్టి అరుస్తాడు. "నీకు ముక్కు లేదు, నాకు నోరాగది. ఇద్దరికిద్దరం సరిపోయినం" అని ఏడిపించేవాడు. నవ్వేదాన్ని, లోపల చివుక్కుమనేది.

ఆఫీసులో చెప్పకపోవడానికి కారణం ఉంది. నేను పనిచేసేది ఇళ్లకు పైపుల్లో వంటగ్యాసు ఇచ్చే కంపెనీలో. ఆ గ్యాసుకు సొంతంగా వాసన ఉండదు. లీకైతే జనానికి తెలియాలని ఒక ఘాటు మందును చుక్కలు చుక్కలుగా అందులో కలుపుతారు. ఏటా సేఫ్టీ శిక్షణలో ఆ మందు అద్దిన కాగితం ముక్కను అందరి ముక్కు దగ్గరా పెడతారు. వాసన వచ్చిందన్నవాళ్లకే సైట్లకు వెళ్లే కార్డు. జ్వరం తర్వాత జరిగిన శిక్షణలో నా ముందతను మొహం చిట్లించాడు. నేనూ అలాగే చిట్లించి, వచ్చిందన్నాను. కార్డు చేతికొచ్చింది.

లెక్కలు చూసుకునేదానికి సైట్లతో ఏం పని అంటారేమో. సంవత్సరాంతపు లెక్కల చివర కంపెనీ ఇచ్చిన మాటలన్నీ రాయడం నా బాధ్యత. ఇన్నేళ్లపాటు ఇంత గ్యాసు కొంటామని, ఫలానా పేటల్లో పైపులు వేస్తామని, లీజు తీరాక స్థలాన్ని తీసుకున్నంత శుభ్రంగా తిరిగిస్తామని. ఈ చివరి మాటతోనే తంటా. నేల పాడైందా, బాగుచేయాల్సి వస్తుందా అని ముందే ఊహించి చెప్పడానికి మావాళ్లకు మూడు మాటలున్నాయి. 'ప్రాబబుల్' అంటే ఖర్చు తప్పేలా లేదు, ఇప్పుడే డబ్బు పక్కన పెట్టాలి. 'పాసిబుల్' అంటే రావచ్చు, రాకపోవచ్చు, అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చాలు. 'రిమోట్' అంటే ఆ వాక్యం కూడా అక్కర్లేదు. మా గుంపులో కార్డు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, వెళ్లి చూసొచ్చి ఆ మాట ఎంచేది నేనే. నా ప్రమోషన్ కూడా దాని చుట్టూనే తిరుగుతోంది.

ఆ జనవరిలో ఒక ఉదయం ఘాజియాబాద్ శివార్లలోని పాత యార్డుకు వెళ్లాం. ఒకప్పుడు అక్కడ ఆ ఘాటు మందు ట్యాంకు ఉండేది. తీసేసి చాలా ఏళ్లయింది. మార్చితో లీజు తీరిపోతుంది. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే గేటు దాటాక గేటే కనపడలేదు. నా కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకుంటూ నడిచాను. పక్కనున్న ఇంజనీరు గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఆయన పాతికేళ్లు ఆ మందు డ్రమ్ముల మధ్యే తిరిగిన పెద్దాయన. "మేడమ్, నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది. ఉన్నా లేకపోయినా నాకు ఒకటే. మీరే చూసి రాయండి" అన్నాడు. ఆయన నిజం చెప్పాడు. నేను చెప్పలేదు.

ప్రహరీ పక్కన ఒక నర్సరీ ఉంది. పొగమంచులోంచి ముందు బంతిపూలు, తర్వాత నీళ్ల డబ్బా, ఆ తర్వాత దాన్ని పట్టుకున్న ఆడమనిషి కనిపించారు. యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక ఆ నర్సరీయే ఆమెకు ఆధారం. పొద్దున రాగానే గంటసేపు గ్యాసు వాసనతో తల పగిలిపోతుందట, తర్వాత అలవాటైపోతుందట. చేతి పంపు నీళ్లలో కూడా అదేనట. మొక్కలు కొనడానికొచ్చినవాళ్లు లీకనుకుని కారు దిగకుండానే తిరిగిపోతారట. హెల్ప్‌లైన్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా మనుషులొచ్చి, మీటరు పెట్టి, లీకు లేదని రాసుకుని వెళ్లారట. ఇదంతా చెప్పి ప్రహరీ మీద చేతులానించి నన్నే అడిగింది.

"ఆ రహీ హై నా, మేడమ్? వస్తోంది కదా?"

ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చాను. చలి తప్ప ఇంకేమీ తెలియలేదు. ఇంజనీరు పెన్ను చేత్తో పట్టుకుని నా మొహం చూస్తున్నాడు.

"నాకేం రావట్లేదే, దీదీ" అన్నాను.

ఆమె తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. నేను ఫారంలో వాసన అన్న గడిలో 'లేదు' అని రాసి, నేల సంగతికి 'రిమోట్' అని టిక్కు పెట్టి, సంతకం చేశాను. వచ్చేటప్పుడు మొహమాటానికి ఒక కరివేపాకు మొక్క అడిగాను. గోడవారన మడిలోంచి మట్టితో సహా పెళ్లగించి కుండీలో పెట్టిచ్చింది. డబ్బులు తీసుకుంటున్నప్పుడు కూడా నా మొహం చూడలేదు.

కుండీని వంటింటి బాల్కనీలో పెట్టి మర్చిపోయాను. ఫిబ్రవరిలో ఎండ బాల్కనీలోకి రావడం మొదలై, కుండీలో మట్టి వేడెక్కింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "ఏందే, గ్యాసు వాసనొస్తుంది. పొయ్యి బంద్ చేసినవా లేదా?" అన్నాడు. బంద్ చేసే ఉంది. పక్క ఫ్లాట్ ఆంటీ కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది. ఫోన్ చేస్తే మా కంపెనీ మనుషులే వచ్చారు. పైపంతా మీటరుతో తడిమి చూస్తే ముల్లు కదల్లేదు; అది గ్యాసును పట్టుకుంటుంది గానీ అందులో కలిపే మందును కాదు. చివరికి వాళ్లలో ఒకతను మోకాళ్ల మీద కూర్చుని, వాసన పట్టుకుంటూ బాల్కనీలోకి పోయి, కరివేపాకు మొక్క ముందు ఆగాడు. "మేడమ్, గమ్లే సే ఆ రహా హై" అన్నాడు. వస్తున్నది కుండీలోంచి. అంతస్తంతా పడీ పడీ నవ్వారు. గ్యాసు కంపెనీవాళ్ల ఇంట్లో కరివేపాకుకి కూడా గ్యాసు కనెక్షనే అని ఆంటీ జోకేసింది.

మా ఆయన కూడా నవ్వి, నన్ను చూసి ఆపేశాడు. వాళ్లంతా వెళ్లాక యార్డు సంగతి మొత్తం చెప్పాను. ఆమె ఏమవుతుందని అడిగాడు. మార్చిలో మేం గేటుకు తాళం వేసి వెళ్లిపోతాం, నేల బాగుచేసే బాధ్యత కాగితం మీద లేకపోతే ఇంకెవరూ తవ్వరు, ఆమె ఆ నీళ్లే తోడుకుంటూ ఉండాలి అన్నాను. చెబితే నా కార్డు పోతుందని కూడా అన్నాను. మొక్క ఆకులు దులుపుతూ అన్నాడు.

"కార్డు పోతే పోనీ. నీకొస్తలేదని ఆమెకు గూడ వస్తలేదంటివి గదా. అది తప్పు."

ఆ వారమంతా ఒకే కల వచ్చింది. తెల్లటి పొగమంచు, అందులో కుండీలు లేకుండా గాల్లో నిలబడ్డ మొక్కలు, ఆ వెనక దీదీ. వస్తోంది కదా అని అడుగుతుంది. కలలో నాకు స్పష్టంగా, కళ్లు మండేంతగా వస్తుంది. వస్తోంది అందామని నోరు తెరిచేసరికి తెల్లారిపోతుంది. వాసన పోయినందుకు అంతకు ముందు ఏడ్చాను గానీ, కలలోనైనా వచ్చినందుకు భయపడింది అప్పుడే.

ఆడిటర్లతో మీటింగు రోజు కుండీని మూడు కవర్లలో చుట్టి క్యాబులో తీసుకెళ్లాను. మెట్రోలో అయితే రైలునే ఆపేసేవారు. క్యాబు డ్రైవరు అంత చలిలోనూ నాలుగు అద్దాలూ దించేశాడు. మీటింగు గదిలో టేబుల్ మీద పెట్టి కవర్లు విప్పాను. ఆడిటరు గారు కుర్చీ వెనక్కి జరిపారు. మా సారు మొహం మాడ్చుకుని, ఏమిటిదన్నారు.

"యార్డు పక్క మట్టి సార్. నాకు ఏడాదిన్నరగా వాసన తెలియదు. ఆ ఫారంలో నేను రాసింది అబద్ధం."

 ఎవరో వెళ్లి కిటికీ తెరిచారు. తర్వాత జరగాల్సినవి జరిగాయి. ల్యాబు మనుషులు మట్టి, నీళ్లు పట్టుకెళ్లారు. 'రిమోట్' కొట్టేసి 'ప్రాబబుల్' అని రాశారు. నా కార్డు తీసుకున్నారు, మెమో ఇచ్చారు, ప్రమోషన్ నాకంటే చిన్నతనికి వెళ్లింది. మంచి పని చేశానని సంతోషంగా ఉండిపోయానని చెబితే అది ఇంకో అబద్ధం. చాలా రోజులు కడుపు మండింది.

వానలు తగ్గాక ఒక శనివారం నా అంతట నేనే అక్కడికి వెళ్లాను. యార్డులో పెద్ద గొయ్యి తవ్వి పాత మట్టి లారీల్లో తీసుకుపోయారు, ఎర్రటి కొత్త మట్టి పోస్తున్నారు. చేతి పంపు మూసేసి నర్సరీకి కొత్త బోరు వేశారు. రెండు కార్లు ఆగి ఉన్నాయి, ఎవరో గులాబీలు బేరమాడుతున్నారు. దీదీ నన్ను గుర్తుపట్టి స్టూలు వేసింది. గుప్పెడు మట్టి తీసి నా ముందు పట్టుకుని, ఇప్పుడు రావట్లేదు కదా, చూడండి అంది.

ఇంకోసారి ఊపిరి పీల్చి నటించడం నా వల్ల కాలేదు. నాకు వాసన తెలియదని, అప్పుడు కూడా తెలియదని, అయినా లేదని చెప్పానని, హిందీలో తడబడుతూ చెప్పేశాను.

మట్టిని నెమ్మదిగా మడిలోకి జారవిడిచింది. కోపంతో తిడుతుందనుకున్నాను.

"కొనడానికొచ్చినవాళ్లు ఏమన్నా, మేడమ్ అంత చదువుకున్న మనిషి, లేదంటే లేనట్టే అనుకున్నాను" అంది. "నా ముక్కే చెడిపోయిందని ఆసుపత్రికి పోయాను. నెల రోజులు ముక్కులో చుక్కలు వేసుకున్నాను."

 ఆమె లోపలికి వెళ్లి, రేకు డబ్బాలోంచి సగం మిగిలిన చుక్కల సీసా తెచ్చి చీరకొంగుతో తుడిచింది.

"నాకైతే అవసరం లేదు కదా. మీరు వేసుకుని చూడండి" అని నా అరచేతిలో పెట్టింది.

వద్దనలేకపోయాను.