థెరపీ బిడ్డకు, హోంవర్క్ నాకు

ఎవ్వరు నవ్వొద్దు, ముందే చెప్తున్న. మా బిడ్డకు మాటలు నేర్పియ్యనీకె తీస్కపోతే, హోంవర్క్ నాకు రాసిచ్చిన్రు!

మా చిన్నికి రెండున్నరేండ్లు. ఒక్క మాట రాలే. ఏది అడిగినా "ఊఁ" అంటది, అంతే. నాకు లోపల ఒకటే భయం. పైకి మాత్రం "మా ఖాందాన్ల అందరికీ లేట్‌గనే వస్తయి" అని కోతలు. మా ఇంటామె రజిత విన్లే. అశోక్ నగర్‌ల ఆటో ఎక్కించి, నారాయణగూడ స్పీచ్ థెరపీ మేడమ్ దగ్గరికి గుంజుకపోయింది.

"పాపతోని ఇంట్ల ఎట్ల ఆడుకుంటరో ఐదు నిమిషాలు వీడియో తీసి పంపున్రి సార్" అన్నది మేడమ్. రజిత తీసింది. నేను దానికోసం కొత్త షర్ట్ గూడ ఏస్కున్న!

వారం తర్వాత మేడమ్ ముంగట కూసొని చూస్తే ఏముంది? చిన్ని బొమ్మ తెచ్చి చూపిస్తది. నేను ఫోన్ చూస్కుంట "ఊఁ". బాల్ తెస్తది. "ఊఁ". ఆఖరికి పిల్ల నా గదువ పట్టి తనదిక్కు తిప్పుకుంటది. అయినా "ఊఁ"! చిక్కడపల్లిల ఈ హోటల్ల మీతోని చాయ్ తాగుతు కూసుంటే నోరు మూతపడని నేను! సిగ్గుతోని చచ్చిన.

"దీనివల్లనే లేటయిందని అంటలేను సార్. కానీ ఇంట్ల మాటలు ఎక్కువ వింటే పాపకు మంచిది. సార్ ఇంట్ల మాట్లాడ్తరా?" అని రజితను అడిగింది మేడమ్.

రజిత నా దిక్కు చూసి "ఊఁ" అన్నది.

ఇగ హోంవర్క్. పిల్ల ముంగట ఫోన్ బంద్. ఎవరికేం కావాల్నన్నా నోరు తెరిచి అడగాలె. అడిగితే "గుడ్!" అని చప్పట్లు కొట్టాలె. పాప కోసం చెప్పిన రూల్‌ను రజిత నా మీద పెట్టింది. పొద్దున ఖాళీ కప్పు లేపి చూపిస్తే టీ రాదు. "ఊఁ" అన్నా రాదు. పెండ్లయినకాడికెళ్లి గిట్లనే నడిచింది కదా! నాక్కూడ పౌరుషమొచ్చి, మూడు రోజులు ఈ హోటల్‌కొచ్చి తాగిపోయిన.

నిన్న వాన. తలనొప్పి. ఇగ ఓడిపోయిన. "రజితా, జర టీ ఇస్తవా?" అన్న.

రజిత పాలగిన్నె పొయ్యి మీద పెట్టి నా దిక్కు తిరిగింది. ఆమె చప్పట్లు కొట్టకముందే కింద నుంచి చప్పట్లు వినొచ్చినయ్. చిన్ని!

"గుడ్!" అన్నది.

నిజంగ అన్నది! రజిత ఏడుస్తుంది, నేను ఏడుస్తున్న, పాలు పొంగి పొయ్యి మీద పోయినయ్. అందరి పిల్లలు ముందుగాల "అమ్మ" అంటరు, "నాన్న" అంటరు. నా బిడ్డ నోరు తెరవంగనే నా పేపర్ దిద్దింది!