చంద్రికల ఓడ

పోయిన నెల మా కూతురు నాకు పడమటి సముద్రం చూపించడానికి తీసుకుపోయింది. ఒడ్డున నల్లటి బండల మధ్య ఒక పాత ఓడ పక్కటెముకలు తేలి కనిపించాయి. తెల్లదొరల కాలంలో తెరచాపలతో నడిచిన ఓడట, గాలివానకు బండలను గుద్దుకుని పగిలిందట. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో పాపం అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని మా కూతురు కంగారుగా నీళ్ళసీసా చేతికిచ్చింది. అలాంటి ఓడ పగలడం నేను ముందే ఒకసారి కళ్ళారా చూశానని దానికేం తెలుసు! అదీ శిడ్లఘట్ట పక్కన, సముద్రం ఏ దిక్కున ఉంటుందో ఎవరికీ సరిగ్గా తెలియని మా పల్లెలో.

అప్పటికి నేను చింతామణి నుంచి కాపురానికి వచ్చిన కొత్త. మా ఆయనకు నాటకాల పిచ్చి. రాజులూ రాక్షసులూ పాతబడిపోయారని, ఆ ఏడు మా ఊరి బడి స్కూల్ డేకి ఓడ పగిలే నాటకం తనే రాసి, ఓడ కెప్టెన్ వేషం తనే వేసుకున్నాడు. "ఓడ యాడుంటే నేనాడ!" అని పెరట్లో నిలబడి అరిచే అరుపులకు మా ఆవు పాలు చేపడం మానేసింది. బండలకు మా వైపు కరువు లేదు కాబట్టి నిజమైనవే దొర్లించుకొచ్చారు. సముద్రానికి ఊళ్ళోని నీలం చీరలన్నీ పోగయ్యాయి, నా పెళ్ళిచీరతో సహా. ఇక ఓడకు ఏం దారి అని వెతుకుతుంటే ఆయన కన్ను మా అత్తగారి చంద్రికల మీద పడింది. పట్టుపురుగులు గూడు కట్టడానికి వాడే వెదురు తడికలవి, ఒక్కొక్కటి మనిషెత్తు ఉంటుంది. పండిన పురుగును, అంటే గూడు కట్టడానికి సిద్ధమైనదాన్ని, వెంటనే చంద్రిక మీదికి ఎక్కించకపోతే, ఉన్నచోటే దారం కక్కి పాడైపోతుంది. మా ఇంటి తిండీ బట్టా ఆ పంట మీదే. "పండేదానికి ఇంగా నాలుగు దినాలుండాది, ఆలోగా తెచ్చిస్తా మా" అని ఆయన బతిమాలితే, కొడుకు కదా, కరిగిపోయి ఇచ్చేసింది.

ఎండ ఎక్కువైతే పురుగు ముందే పండుతుంది. ఆ వారం కాసిన ఎండను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. స్కూల్ డే రోజు పొద్దు వాలే వేళకు నాటకం మొదలైంది. ముఖ్య అతిథిగా వచ్చిన ఆఫీసరుగారు మంగళూరులో పనిచేసి వచ్చినాయన, మొత్తం సభలో సముద్రం చూసిన మనిషి ఆయనొక్కడే. ఓడ ఊగుతోంది, నా పెళ్ళిచీర ఎగిరెగిరి పడుతోంది, మా ఆయన బండిచక్రం పట్టుకుని "బండలు! బండలు!" అని కేకలు పెడుతున్నాడు. అంతలో ఇంటి దగ్గరే ఉండిపోయిన మా అత్తగారు కొంగు నడుముకు చెక్కుకుని నేరుగా సముద్రంలోకి నడిచి వచ్చింది.

"పురుగు పండిండాది రా! ఓడ ఇప్పు!"

"మా, ఇంగా బండకు తగల్లేదు మా" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"నీ ఓడ బండకు తగిలేదాకా పురుగు కాసుకోని ఉంటాదా? దిగప్పా, దిగు!"

మా పల్లెలో ఎవరింట్లో పురుగు పండినా, విన్నవాళ్ళు చేతిలో పని వదిలేసి పరుగెత్తాల్సిందే. ఆడవాళ్ళంతా బిలబిలమంటూ వేదిక ఎక్కేశారు. నావికులు వేషాలతోనే తలా ఒక తడిక నెత్తికెత్తుకున్నారు. తెరచాప ముందు పోయింది, తర్వాత ముక్కు, తర్వాత పక్కలు. చూస్తుండగానే మా ఆయన ఒక్కడే బోడి వేదిక మీద మిగిలిపోయాడు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆఫీసరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అలలు ఓడను ముక్కముక్కలుగా ఎత్తుకుపోవడం ఇంత సహజంగా చూపించినవాళ్ళను తానెక్కడా చూడలేదన్నారు.

మా ఆయన ఆఫీసరుగారికొక దండం పెట్టి, "ఓడ యాడుంటే నేనాడ!" అని గట్టిగా అరిచి, తడికల వెనకాలే ఇంటికి పరుగు తీశాడు. మీసం రంగు చెమటకు కారుతుంటే, కెప్టెన్ టోపీ తియ్యకుండానే మా అత్తగారి పక్కన కూర్చుని చివరి పురుగు దాకా ఏరాడు. పంట దక్కింది. వారం తిరిగేసరికి మా తెరచాప నిండా పచ్చటి గూళ్ళు.

ఆయన సముద్రం చూడకుండానే పోయాడు. ఆ నల్లబండల దగ్గర నిలబడితే, ఒక్కసారి పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. కాలం ఆయన్ని తీసుకుపోయింది గానీ, ఆ ఓడను మాత్రం నా దగ్గరే మరిచిపోయింది.