అంగూర్లు పండుకున్న మధ్యాహ్నం

మే నెల, రెండో శనివారం. కోరుట్లలో మా ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య, మా బిడ్డ, సిరిసిల్ల నుంచి వచ్చిన ఆమె అత్తగారు.

బిడ్డ నర్సు. మరునాడు ఉదయం హైదరాబాద్‌లో ఇంగ్లిష్ పరీక్ష. అది గట్టెక్కితే ఇంగ్లండ్‌లో ఉద్యోగం. దుబాయ్‌లో ఉన్న అల్లుణ్ణి కూడా తనతో తీసుకెళ్లవచ్చు. పెళ్లయినప్పటి నుంచి వాళ్లిద్దరూ కలిసి ఉన్నది అతని సెలవుల్లోనే. కిందటిసారి అన్నీ బాగానే రాసింది గానీ, చార్టు చూసి రాసే దగ్గర మార్కులు పోయాయి.

భోజనాలయ్యాక గడియారం ముందు పెట్టి ఒక చార్టు ఇచ్చాను. ఏదో దేశం ఎగుమతి చేసిన పండ్లు. మామిడికి పసుపు గీత, అరటికి ఆకుపచ్చ, ద్రాక్షకు ఊదా. బిడ్డ పెన్ను పట్టుకుని కూర్చుంది. పెన్ను కదల్లేదు.

అత్తగారు పక్కన చేరారు. "గిండ్ల ఏమున్నది బిడ్డ? మామిడిది పైకి లేసింది. అరటిది కింద వడ్డది. గీ అంగూర్లది సక్కగ పండుకున్నది."

బిడ్డ గబగబా రాసి పైకి చదివింది. "మ్యాంగోస్ వోక్ అప్. బనానాస్ ఫెల్ డౌన్. గ్రేప్స్ స్లెప్ట్ ఫర్ త్రీ ఇయర్స్."

"అంటే ఏంది?" అంది నా భార్య.

"మామిడిపండ్లు నిద్ర లేచాయట. అరటిపండ్లు జారిపడ్డాయట. ద్రాక్షలు మూడేళ్లు నిద్రపోయాయట" అన్నాను.

ఇక నవ్వు ఆపుకోవడం ఎవరివల్లా కాలేదు.

"వదినె, మీ సిరిసిల్లల పండ్లు గిట్లనే పంటయా?" అంది నా భార్య.

"పండు పండుకోక నిలవడ్తదా వదినె?"

నవ్వి నవ్వి నా కళ్లద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. టైమైందని గడియారం మోగినా పట్టించుకున్నవారు లేరు.

నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది. "మూడేండ్లు లేవకుంటే దవాఖానల జేర్పియ్యున్రి, పాపం."

బిడ్డ నవ్వు ఆపి చార్టు వైపు చూసింది. "నాయినా, ఇది జ్వరం చార్టే గదనే! రోజు డాక్టర్‌కు చెప్పేది గిదే."

లేచి నిలబడి, వార్డులో డాక్టరు ముందు చెప్పినట్టే ఇంగ్లిష్‌లో అప్పజెప్పింది. మామిడి పెరుగుతోంది సార్, అరటి పడిపోతోంది సార్, ద్రాక్ష స్టేబుల్ సార్.

"అరటికి సెలైన్ ఎక్కియ్యి" అంది తల్లి.

"అంగూర్లను ఇంటికి తోలియ్యున్రి, మంచం ఖాళీ అయితది" అన్నారు అత్తగారు.

ఈసారి పేజీ ఒక్క ఊపులో నిండింది. నేను దిద్దాను. ఒకచోట 'పేషెంట్' అని పడింది, కొట్టేశాను. సాయంత్రం బస్సెక్కించాం.

మరునాడు ఉదయం పరీక్ష హాలు నుంచి బయటికి రాగానే ఫోన్ చేసింది. "నాయినా, రైళ్ల చార్టు ఇచ్చిండ్రు. అంత రాసిన. టైం సుత మిగిలింది."

ఫలితాలు రావాలి కదా అని నేను అనబోయేసరికే అత్తగారు దుబాయ్‌కి ఫోన్ కలిపేశారు.

"ఒరేయ్, సామాను సదురుకో. నీ పెండ్లాం నిన్ను తీస్కపోతది. ఏంది, రిజల్టా? గది ఎన్కముంగట వస్తది తియ్యి. ముందుగాల చలికోటు కొనుక్కో!"